గది నాది, ఖర్చు వాళ్ళది

ఇంటి నుంచి పని మేలా, ఆఫీసుకు వెళ్ళి చేసే పని మేలా అనే వాదనలో నేను చాలాకాలం ఇంటివైపే గట్టిగా నిలబడ్డాను. మీటింగుల్లో ఆ మాటే అన్నాను, చుట్టాల పెళ్ళిళ్ళలో ఆ మాటే అన్నాను, పైవాళ్ళకు రాసిన మెయిళ్ళలోనూ అదే రాశాను. నా దగ్గర లెక్కలు ఉండేవి. ఆ లెక్కల్లో నేనొక్కణ్ణే ఉన్నానన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. చదువుకున్నవాణ్ణి, ఒక టీము పని చూసేవాణ్ణి, అయినా కళ్ళెదుట ఉన్నది చూడలేకపోయాను. ఆ తెలివితక్కువతనం వల్ల నాకు పైసా నష్టం రాలేదు. నష్టపోయింది మా అమ్మానాయినలు, నా భార్య, మా టీములో కొత్తగా చేరిన ఒక అమ్మాయి. అందుకే దీన్ని రాసి పెట్టాలనిపించింది.

మాది భూదాన్ పోచంపల్లి వైపు ఒక ఊరు, నేత కుటుంబం. నాయిన మగ్గం నేస్తాడు, అమ్మ ఆసు పోస్తుంది. పోచంపల్లి చీరలు కట్టేవాళ్ళలో కూడా ఆసు అంటే ఏమిటో తెలిసినవాళ్ళు తక్కువ. ఇక్కత్ నేతలో రంగు బట్టకు పడదు, నేయకముందే నూలుకు పడుతుంది. డిజైను ప్రకారం నూలును అక్కడక్కడా బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. అలా కట్టడానికి వీలుగా ముందు దారాన్ని లెక్క తప్పకుండా పరచాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. వాటి మధ్య దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోవడమే ఆసు పోయడం. చేత్తో పోస్తే ఒక చీరకు గంటల తరబడి కూర్చోవాలి, చెయ్యి వేల సార్లు ఆడాలి. మా వైపు అది ఆడవాళ్ళ పని. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, తన తల్లి లక్ష్మి పడే భుజాల నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంట్లోనూ ఆ యంత్రమే ఉంది.

అంటే నేను పుట్టి పెరిగిందే ఇంటి నుంచి పనిచేసే ఇంట్లో. 2019-20 నాటి నాలుగో జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత, అనుబంధ పనుల మీద బతుకుతున్నారు. వాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్ళే. చాలామందికి ఇల్లే కార్ఖానా. ఇల్లూ పనీ ఒక్కచోట ఉంటే ఎవరికి సుఖం, ఎవరికి కష్టం అన్నది అలాంటి ఇళ్ళకు తరతరాలుగా తెలుసు. అయినా 2020 మార్చిలో కంపెనీ ల్యాప్‌టాప్ చేతికిచ్చి ఇంటికి పంపినప్పుడు, ఇదేదో మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ కోసం లోకంలో కొత్తగా పుట్టిన వరమని నేను నమ్మాను. నా మొదటి తెలివితక్కువతనం అదే. తెలుసుకోవలసిందంతా మా ఇంట్లోనే ఉంది, నేను అడగలేదు.

అప్పటిదాకా మేం ఎల్బీ నగర్‌లో అద్దెకుండేవాళ్ళం. నా ఆఫీసు రాయదుర్గం వైపు. మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్ళి, అక్కడ నీలం లైనుకు మారి, దిగాక మళ్ళీ ఆటో. రానూ పోనూ కలిపి రోజుకు మూడు గంటల దాకా పట్టేది. 2020 వేసవిలో ఆంక్షలు సడలగానే భార్యాపిల్లలతో ఊరికి వచ్చేశాను. అద్దె మిగిలింది, ప్రయాణం మిగిలింది, అమ్మ చేతి అన్నం దొరికింది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

పనికి ఒక గది కావాలి. మా ఇంట్లో తలుపు వేసుకోగలిగే గది ఒక్కటే, లోపలి గది. అందులో ఆసు యంత్రం, నూలు, కండెలు ఉండేవి. అమ్మే అడిగింది, "గీ మిషిని చప్పుడు నీ మాటలకు అడ్డమైతదా బిడ్డా?" అయితది అన్నాను. "ఏం గాదు, బయటికి తీస్త తియ్" అంది. యంత్రం వసారాలోకి వెళ్ళింది. అక్కడ ఎండ, దుమ్ము. వానాకాలంలో జల్లు కొడితే అమ్మ నూలు మీద పట్టా కప్పి, వాన వెలిసేదాకా కూర్చునేది. నేను తలుపు వేసుకుని, గోడకు ఆనించిన బల్ల ముందు కూర్చుని, వెనక ఏ శబ్దమూ లేకుండా అమెరికా వాళ్ళతో మాట్లాడేవాణ్ణి. "మీ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంది" అని వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. నేను సంతోషపడేవాణ్ణి.

ముందుగదిలో నాయిన గుంట మగ్గం. దాన్ని కదపడం కుదరదు. కాల్ ఉన్నప్పుడల్లా నేను బయటికి వచ్చి చేత్తో సైగ చేసేవాణ్ణి. నాడె ఆగేది. పొద్దున ఒక కాల్, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం నుంచి రాత్రిదాకా అమెరికా వేళలకు తగ్గట్టు వరుసగా ఇంకొన్ని. లాక్‌డౌన్‌లో అమ్మకాలు ఆగిపోయి చీరలు పేరుకుపోయిన రోజులవి. మెల్లగా మళ్ళీ నూలు రావడం మొదలైన సమయంలో ఇంట్లో మగ్గం నా సైగల మీద ఆడింది. "ఈ వయసులో కొంచెం విశ్రాంతి దొరుకుతోంది, మంచిదే" అని నేను నా భార్యతో అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

నాకు నెల జీతం. ఒక పూట కాల్స్ లేక ఖాళీగా కూర్చున్నా జీతం తగ్గదు. నాయినకు చీరల లెక్కన కూలి. మగ్గం అరగంట ఆగితే ఆ అరగంట డబ్బు ఎవరూ ఇవ్వరు. అమ్మ ఆసు పోసినదానికీ కండెలు చుట్టినదానికీ వేరే కూలే లేదు, అది నాయిన కూలిలోనే కలిసి వస్తుంది. ఈ సంగతులు చిన్నప్పటి నుంచి నాకు తెలుసు. నా ఫీజులు కట్టింది ఆ డబ్బుతోనే. తెలిసి కూడా, నా పనిని అసలు పనిగా, వాళ్ళ పనిని చప్పుడుగా చూశాను.

మేం హైదరాబాదు తిరిగి వచ్చేశాక, ఒక పండక్కి ఊరెళ్ళినప్పుడు చిన్నాయిన మాటల మధ్యలో చెప్పాడు, "నువ్వున్నన్ని దినాలు మీ నాయిన కోడి కూయకముందే గుంటల దిగిండు. నువ్వు లేచేసరికి సగం పని ఒడగొట్టాలని." నేను విశ్రాంతి అనుకున్నది అదీ. నాయినను అడిగితే "ఏం గాదు, చల్లపొద్దు మంచిగనే ఉండె" అన్నాడు. కొడుకు పెద్ద ఉద్యోగం ఇంట్లో కూర్చుని చేస్తున్నాడని వీధిలో చెప్పుకోవడం వాళ్ళకు గొప్ప. ఆ గొప్ప కోసం వాళ్ళు నిద్రనూ కూలినీ వదులుకున్నారు. నేను తీసుకున్నాను.

నా భార్య ప్రైవేటు బడిలో టీచరు. ఆ ఏడాది ఆమె కూడా ఇంటి నుంచే పనిచేసింది. ఇద్దరిదీ ఉద్యోగమే, ఇద్దరిదీ ఆన్‌లైనే. గది మాత్రం నాకు వచ్చింది. ఆమె జీతం నా జీతంలో చిన్న భాగం కాబట్టి ఇలా ఉండాలని మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అయినా అలాగే జరిగింది. ఆమె వంటింట్లో అటక కింద ఫోను నిలబెట్టి పాఠం చెప్పేది. కుక్కర్ కూత వేస్తే మైకు ఆపేది. పిల్లలకు లెక్క ఇచ్చి ఆ అయిదు నిమిషాల్లో కూర కలిపేది. మధ్యాహ్నం నేను తలుపు తీసుకుని వచ్చి వేడి అన్నం తిని, ఇంటి నుంచి పనిలో ఇదే సుఖమనేవాణ్ణి. ఆ సుఖాన్ని వండింది ఎవరో నా వాదనలో ఎక్కడా లేదు.

ఒకరోజు ఆమె నాతో అంది, "మీకు ఆఫీసు పోయి ఇల్లు వచ్చింది. నాకు బడి పోయి ఇల్లే మిగిలింది." నేను అర్థం చేసుకోలేదు. నీకూ బస్సు ప్రయాణం తప్పింది కదా అని జవాబిచ్చాను. బడి అంటే ఆమెకు జీతమిచ్చే చోటొక్కటే కాదు. తోటి టీచర్లతో కలిసి డబ్బా విప్పే చోటు. పిల్లలు "మేడమ్" అని పిలిచే చోటు. నీళ్ళెక్కడ, నూనె అయిపోయిందా అని ఎవరూ అడగని కొన్ని గంటలు. ఆ గంటలు పోయాయని ఆమె చెబుతుంటే నేను బస్సు గురించి మాట్లాడాను.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని తర్వాత ప్రభుత్వ లెక్కలు చూసి తెలుసుకున్నాను. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. ఈ రెండు సర్వేల మధ్యే లక్షలమంది మగవాళ్ళు నెలల తరబడి ఇంట్లో కూర్చుని పనిచేశారు. ఇంట్లో ఉన్నంత మాత్రాన ఇంటి పనిలో ఉన్నట్టు కాదని చెప్పడానికి నాకు ఇంకో రుజువు అక్కర్లేదు. నేనే రుజువు.

మిగిలిన ప్రయాణ సమయం ఏమైందో కూడా చెప్పాలి. కుటుంబానికి ఇచ్చాననే అనుకునేవాణ్ణి. నిజానికి పొద్దున మెట్రోలో ఉండే వేళకు మెయిళ్ళు చూసేవాణ్ణి, సాయంత్రం మెట్రోలో ఉండే వేళకు ఇంకో కాల్ ఒప్పుకునేవాణ్ణి. 27 దేశాల ఉద్యోగుల మీద జరిగి 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇంటి నుంచి పనిచేసిన రోజున సగటున 72 నిమిషాల ప్రయాణం మిగులుతుందని తేలింది. మన దేశంలో అది 99 నిమిషాలు. మొత్తం మీద అలా మిగిలిన సమయంలో 40 శాతం తిరిగి ఉద్యోగానికే పోయింది, పిల్లలనూ పెద్దలనూ చూసుకోవడానికి 11 శాతం వచ్చింది. నా లెక్క తీస్తే ఆ 11 కూడా వస్తుందని నేను ధైర్యంగా చెప్పలేను.

ఇక వాదన సంగతి. మొదట్లో అందరూ నాలాగే మాట్లాడారు. 2025 నాటికి తమ ఉద్యోగుల్లో నాలుగోవంతు మంది ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ 2020లో ప్రకటించింది. 2023లో అదే సంస్థ వారానికి ఐదు రోజులూ రమ్మంది. మా కంపెనీ కూడా వెనక్కి పిలవడం మొదలుపెట్టగానే నేను ఒక అధ్యయనాన్ని పట్టుకుని పోరాటానికి దిగాను. చైనాలో సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ కాల్ సెంటర్ ఉద్యోగుల మీద, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికోలస్ బ్లూమ్ బృందం 2010-11లో తొమ్మిది నెలలపాటు జరిపిన ప్రయోగం అది. 2015లో ప్రచురితమైంది. ఇంటి నుంచి పనిచేసినవాళ్ళ పని 13 శాతం పెరిగిందని అందులో ఉంది. ఆ 13ను నేను ఎన్ని చోట్ల వాడానో చెప్పలేను. దాన్ని చూసే టీములో కొందరు నా వెనక నిలబడ్డారు.

ఆ వ్యాసాన్ని నేను పూర్తిగా చదవలేదు. తర్వాత చదివాను. ఇంటి నుంచి చేయడానికి ముందుకొచ్చినవాళ్ళలో సంస్థలో కనీసం ఆరు నెలలు పనిచేసినవాళ్ళనే, ఇంట్లో తమకంటూ గది ఉన్నవాళ్ళనే తీసుకున్నారు. వాళ్ళు కూడా వారానికి నాలుగు షిఫ్టులే ఇంటి నుంచి చేశారు, ఐదోది ఆఫీసులోనే. పని పెరిగినా, ఆ పనికి తగ్గ పదోన్నతులు వాళ్ళకు తగ్గాయి. ప్రయోగం ముగిశాక ఎక్కడ పనిచేస్తారో మీరే చెప్పండంటే, పాల్గొన్నవాళ్ళలో సగం మందికి పైగా మనసు మార్చుకున్నారు. ఒంటరితనం భరించలేక ఆఫీసు కోరుకున్నవాళ్ళు చాలామంది. నేను చూపించిన అంకె నిజమే. దాని చుట్టూ ఉన్న షరతులన్నీ దాచి చూపించాను, చదవకపోవడం వల్ల దాచాను. ఆ షరతుల్లో మొదటి రెండూ మా ఇంట్లో, మా టీములో పనికిరాకుండా పోయినవే. తమకంటూ గది నా భార్యకు లేదు. ఆరు నెలల అనుభవం మా టీములోని కొత్త అమ్మాయికి లేదు.

ఆ అమ్మాయి 2021లో చేరింది. ఇంటర్వ్యూ వీడియోలో, ల్యాప్‌టాప్ కొరియర్‌లో. రాయలసీమలో ఒక చిన్న ఊరి నుంచి పనిచేసేది. ముఖాముఖి మేం ఒకరినొకరం చూడలేదు. పని చాట్‌లో రాసి పంపేవాణ్ణి. "ఓకే సార్" అని జవాబొచ్చేది. రోజు గడిచాక అడిగితే "చేస్తున్నాను సార్" అని వచ్చేది. రాసిన కోడ్‌లో తప్పులుంటే ఎర్రగా గుర్తులు పెట్టి తిప్పి పంపేవాణ్ణి. ఎందుకు తప్పో రాసే ఓపిక నాకు ఉండేది కాదు. ఏడాది చివర ఆమె నెమ్మది అని, చొరవ లేదని రాసి తక్కువ రేటింగు ఇచ్చాను. ఆ రేటింగు వల్ల ఆమెకు జీతం పెరగాల్సినంత పెరగలేదు.

తర్వాత ఆఫీసుకు రావడం మొదలయ్యాక ఆమె సీటు నా పక్కన పడింది. ఒక మధ్యాహ్నం ఆమె తెర వైపు చూస్తే, చాలా పాత పద్ధతిలో, అడుగడుగునా చేత్తో సరిచూసుకుంటూ పనిచేస్తోంది. మేమంతా వాడే చిన్న సాధనం ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అది ఎక్కడా రాసి లేదు, పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నదే అందరమూ. చూపించడానికి అయిదు నిమిషాలు పట్టింది. అన్నాళ్ళూ ఎందుకు అడగలేదమ్మా అంటే, "మీరు ఎప్పుడూ కాల్‌లో ఉన్నట్టే కనిపించేవారు సార్, ఇంత చిన్నదానికి అడిగితే ఏమనుకుంటారో అనిపించింది" అంది. ఆమెలో లేదని నేను రాసిన చొరవకు నా దగ్గర చోటే లేకపోయింది. ఆమె రేటింగు సరిదిద్దమని పైవాళ్ళను అడిగాను. గడిచిన ఏడాదిది మార్చడం కుదరదన్నారు.

అమెరికాలో నటాలియా ఎమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పాలే అనే ఆర్థికవేత్తలు ఒక పెద్ద సంస్థలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పరిశీలించి సరిగ్గా ఈ సంగతే చెప్పారు. దగ్గర కూర్చున్న టీములో కొత్తవాళ్ళ కోడ్ మీద సలహాలు ఎక్కువ పడతాయి, వాళ్ళు ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. అదే సమయంలో నేర్పే సీనియర్ల సొంత పని కొంత తగ్గుతుంది. నా పని ఇంట్లో ఎందుకంత బాగా సాగిందో అప్పుడు తెలిసింది. నేను ఎవరికీ నేర్పలేదు కాబట్టి సాగింది. ఆ మిగులును నా ప్రతిభ అనుకున్నాను.

ఇది కూడా మా ఇంటికి తెలిసిన విషయమే. నాయిన నాకు నేత నేర్పుతానని ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. మగ్గం పక్కన ఆడుకుంటూ ఉండగానే తెగిన పోగు ఎలా అతకాలో, రంగుల గీత తప్పితే పేకను ఎలా జరపాలో కళ్ళకు పట్టేసింది. వీధిలో ఎవరి మగ్గం దగ్గరికైనా ఎవరైనా వచ్చి నిలబడేవాళ్ళు, తప్పు కనిపిస్తే అక్కడే చెప్పేవాళ్ళు. నేతవాళ్ళు ఇంట్లో పనిచేశారు గాని తలుపులు వేసుకుని చేయలేదు. వాళ్ళ పద్ధతిలోనూ అన్యాయం ఉంది, ఆడవాళ్ళ పనికి వేరే కూలి కట్టకపోవడం ఆ అన్యాయమే. నేను ఆ అన్యాయాన్ని ఉంచుకుని, అందులోని మంచిని, పక్కన కూర్చుని నేర్పడాన్ని, వదిలేశాను.

ఇంత చెప్పి, అందరూ వారమంతా ఆఫీసులకు పరుగెత్తాలని నేను అనను. అలా అంటే ఇంకో తెలివితక్కువతనం అవుతుంది. పసిబిడ్డ తల్లికి ఇంటి నుంచి పని అవసరం. ప్రసూతి సెలవు తర్వాత పని స్వభావాన్ని బట్టి ఆ వీలు కల్పించవచ్చని 2017 ప్రసూతి ప్రయోజన సవరణ చట్టమే చెప్పింది. మెట్లెక్కలేని ఉద్యోగికి, మంచం పట్టిన తల్లిని చూసుకునే కొడుక్కి, నగరం అంచు నుంచి మూడు గంటలు ప్రయాణించే మనిషికి అది ఊపిరి. బ్లూమ్ బృందమే అదే చైనా సంస్థలో 1,612 మందిపై జరిపి 2024లో ప్రచురించిన మరో అధ్యయనంలో, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేస్తే పనితీరుకు గాని పదోన్నతులకు గాని నష్టం లేదనీ, ఉద్యోగం మానేసేవాళ్ళు మూడోవంతు తగ్గారనీ తేలింది. ఈసారి పూర్తిగా చదివే రాస్తున్నాను.

ఇప్పుడు మా టీములో అందరం కలిసి వచ్చే రోజులు పెట్టుకున్నాం. ఆ రోజుల్లో నా సొంత పని తక్కువ సాగుతుంది, సాగాలని కోరుకోవడం మానేశాను. కొత్తవాళ్ళ పక్కన కూర్చోవడమే ఆ రోజు నా పని. ఇంట్లో ఉన్న రోజుల్లో పొద్దుటి వంట నాది. తలుపున్న గది నా భార్య పేపర్లు దిద్దుకునే వేళకు ఆమెది. ఊరికి వెళ్తే ల్యాప్‌టాప్ వసారాలో పెట్టుకుంటాను. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తే, అది మా నాయిన పని అని అవతలివాళ్ళకు చెబుతాను. ఇవి గొప్ప పనులేమీ కావు. మొదటి రోజే చేయవలసినవి.

నా తీర్పు ఇది. ఇల్లా ఆఫీసా అన్న ప్రశ్నకు ఎవరి కుర్చీలోంచి చూస్తే వాళ్ళకు అనుకూలమైన జవాబే వస్తుంది. జీతం ఎక్కువ ఉన్నవాడి జవాబు ఇంట్లో చెల్లుతుంది, హోదా ఎక్కువ ఉన్నవాడి జవాబు ఆఫీసులో చెల్లుతుంది. ఆ రెండూ నాకే ఉన్నాయి కాబట్టి నా జవాబే నిజమనుకున్నాను. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఈ వాదన వస్తే, లెక్క మొదలుపెట్టేముందు ఇద్దరిని అడగండి. మీరు ఇంట్లో కూర్చుంటే ఎవరు లేచి పోవలసి వస్తోందో వాళ్ళను ఒకసారి, మీరు ఆఫీసుకు రాకపోతే ఎవరికి నేర్చుకునే దారి మూసుకుపోతోందో వాళ్ళను ఒకసారి. వాళ్ళు "ఏం కాదు" అంటే అక్కడితో ఆగకండి, కొన్నాళ్ళు పక్కన కూర్చుని చూడండి. మా అమ్మా నాయినా నాకు ఏం కాదనే చెప్పారు.